రెండు సైట్ల మధ్య అర్రే రెప్లికేషన్ మొదటిసారి పెడుతున్నా: సింకా, ఎసింకా?

కొత్తస్టోరేజ్
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ లన్‌లు (సర్వర్లకు స్టోరేజ్‌లోంచి ఇచ్చే డిస్క్ ముక్కలు) ఇవ్వడం, జోనింగ్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌ని చూడాలో స్విచ్‌లో కలపడం) చేయడం, డిస్క్ పోతే కేసు తెరవడం, ఇంతే నా పని. ఇప్పుడు రెండు హిటాచీ వీఎస్‌పీ అర్రేల (స్టోరేజ్ పెట్టెల) మధ్య రెప్లికేషన్, అంటే ఇక్కడి రాతలు అక్కడా కాపీ అయ్యేలా, పెట్టమని నెత్తిన పడేశారు.

ప్రధాన సైట్‌లో ఒరాకిల్ డేటాబేస్, మొత్తం 18 టీబీ. డీఆర్ సైట్ (ఇక్కడిది పోతే ఆదుకునేది) 420 కిలోమీటర్ల దూరం. మధ్యలో 1 జీబీపీఎస్ లింక్ ఉంది, అందులో 500 ఎంబీపీఎస్ మాకు వదులుతామన్నారు. రెండు వైపులా ఎఫ్‌సీఐపీ రౌటర్లు (స్టోరేజ్ ట్రాఫిక్‌ని ఐపీ నెట్‌వర్క్ మీద మోసేవి) పెట్టేశారు. పింగ్ కొడితే 9 మిల్లీసెకన్లు వస్తోంది. మేనేజర్ గారు ఇచ్చిన కాగితంలో "ఆర్‌పీఓ: సున్నా" అని ఉంది, అంటే ప్రమాదం జరిగినా ఒక్క క్షణం డేటా కూడా పోకూడదు.

ట్రూకాపీ (హిటాచీ రెప్లికేషన్) సింక్ మోడ్‌లో, అంటే రాత రెండు వైపులా పడ్డాకే సర్వర్‌కి జవాబు వెళ్లేలా, పెట్టేస్తే సరిపోతుంది కదా? ఎవరైనా కమాండ్లు ఇస్తే వచ్చే శనివారం రాత్రి కానిచ్చేస్తా.

ఫైబర్‌పిచ్చోడు
శనివారం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 9 మిల్లీసెకన్లు చూడండి.

ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. 420 కిలోమీటర్లు వెళ్లి రావడానికే 4.2 మిల్లీసెకన్లు. మిగతాది కేబుల్ చుట్టుతిరుగుడు, మధ్యలో పెట్టెలు. దాన్ని ఎవరూ సున్నా చేయలేరు. పైగా ఒక్క రైట్‌కి ఒక్క ట్రిప్పు సరిపోదు. "రాయబోతున్నా" అని అటు వెళ్తుంది, "సరే పంపు" అని ఇటు వస్తుంది. మళ్లీ డేటా వెళ్తుంది, "రాసేశా" అని జవాబు వస్తుంది. అంటే రెండు రౌండ్ ట్రిప్పులు, 18 మిల్లీసెకన్లు. రౌటర్‌లో ఫాస్ట్‌రైట్ లాంటిది ఆన్ చేస్తే ఒక ట్రిప్పు మిగులుతుంది, అయినా 9 ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మీ అర్రేలో రైట్ రెస్పాన్స్ ఎంత?

కొత్తస్టోరేజ్
0.6 మిల్లీసెకన్లు. అంటే 18 పెడితే 30 రెట్లా?! అది ఆలోచించలేదండీ.

రీడూలాగ్
డీబీఏని, నా గోడు వినండి. కమిట్ కొట్టిన ప్రతి యూజర్ రీడూ లాగ్‌లో (ప్రతి మార్పూ ముందు నమోదయ్యే ఫైల్) రాత పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. సింక్ మోడ్ అంటే ఆ రాత అవతలి ఊళ్లో కూడా పూర్తవ్వాలి. సోమవారం ఉదయం పది గంటలకు "అప్లికేషన్ స్లో" అని మొదటి ఫోన్ నాకొస్తుంది, మీక్కాదు. నేను రెండు రోజులు ఎస్‌క్యూఎల్ ట్యూనింగ్ చేస్తూ కూర్చుంటా. మూడో రోజు ఎవరో తీరిగ్గా "శనివారం రెప్లికేషన్ పెట్టాం కదా" అంటారు.

నైట్‌షిఫ్ట్
కాగితం మీద ఆర్‌పీఓ సున్నా రాయడానికి పెన్ను చాలు 😀

హార్కమ్‌అన్న
తమ్ముడూ, ఈ దూరానికి సింక్ మర్చిపో. నీకు కావాల్సింది యూనివర్సల్ రెప్లికేటర్, అంటే ఎసింక్. రైట్ ఇక్కడి క్యాష్‌లో పడగానే హోస్ట్‌కి "సరే" అని చెప్పేస్తుంది. అదే డేటా వరుస నంబరుతో సహా జర్నల్‌లోకి, అంటే పంపాల్సినవి క్యూలో నిలిపే చోటికి, పోతుంది. దూరంగా ఉన్న అర్రే ఆ జర్నల్‌ని తానే లాక్కుని, వరుస తప్పకుండా రాసుకుంటుంది. గుర్తుపెట్టుకో, ఇటు నుంచి అటు తోయడం కాదు, అటువైపు లాక్కోవడం. అందుకే రిమోట్ పాత్‌లు రెండు దిశల్లోనూ ఉండాలి. ఒకవైపే జోన్ చేసి "పాత్ నార్మల్ రావట్లేదు" అని ఏడ్చినవాళ్లు చాలామంది.

ఇప్పుడు జర్నల్ సైజు. డేటాబేస్ 18 టీబీ అన్నది దీనికి పనికిరాదు. సెకనుకు ఎంత *రాస్తున్నారు*? సగటు వద్దు. వారం రోజుల గ్రాఫ్ తీసి, 5 నిమిషాలకొకసారి రైట్ ఎంబీ ఎంతో చూసి చెప్పు.

కొత్తస్టోరేజ్
తీశానన్నా. పగలంతా 10 ఎంబీ దాటదు. రాత్రి 11 నుంచి 2 వరకు బ్యాచ్ నడుస్తుంది, అప్పుడు 140 దగ్గర నిలబడుతుంది.

హార్కమ్‌అన్న
అసలు కథ అక్కడే ఉంది. కాగితం పెన్ను తీసుకో.

500 ఎంబీపీఎస్ లింక్ అంటే చేతికొచ్చేది సెకనుకు సుమారు 60 ఎంబీ (అవి మెగాబిట్లు, ఇవి మెగాబైట్లు). రాత్రి 140 రాస్తున్నారు, 60 పోతోంది. సెకనుకు 80 ఎంబీ జర్నల్‌లో మిగులుతుంది. 3 గంటలు, అంటే 10,800 సెకన్లు. 864 జీబీ పేరుకుపోతుంది. జర్నల్ అంతకన్నా చిన్నదైతే మధ్యలో నిండిపోయి పెయిర్ (అసలు, కాపీ లన్‌ల జత) సస్పెండ్ అవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగుతారు. నువ్వు ఇంకో లెక్క వెయ్యి. రాత్రి 2 గంటలకు ప్రధాన సైట్ పోయిందనుకో. అప్పటికి అవతలికి చేరింది 60 చొప్పున 648 జీబీ. ఇక్కడ అంత రాయడానికి పట్టిన సమయం 648 జీబీని 140తో భాగిస్తే సుమారు 77 నిమిషాలు. అంటే డీఆర్‌లో నీ డేటాబేస్ 12 గంటల 17 నిమిషాల దగ్గర ఆగి ఉంటుంది. 1 గంట 43 నిమిషాల పని గల్లంతు. అదే మధ్యాహ్నం 3 గంటలకు పోతే కొన్ని సెకన్లే. ఒక్క ఆర్‌పీఓ కాదు నీకున్నది, గంటకో ఆర్‌పీఓ. మేనేజర్ గారికి ఈ గ్రాఫ్ చూపించు, సున్నా గురించి ఆయనే మళ్లీ మాట్లాడరు.

కొత్తస్టోరేజ్
చూపించా. పది నిమిషాలు మౌనం. తర్వాత "లింక్ పెంచితే ఎంతవుతుంది" అని అడిగారు. పెంచడానికి మూడు నెలలు పడుతుందట.

రీడూలాగ్
లింక్ పెంచే ముందు ఆ 140లో ఏముందో చూడండి. రాత్రి బ్యాచ్ అంటే సార్టింగ్, ఇండెక్స్‌లు మళ్లీ కట్టడం. అందులో చాలా భాగం టెంప్ టేబుల్‌స్పేస్‌లోకి పోయే రాత. టెంప్‌ని అవతలికి పంపి ఏం చేస్తారు? డేటాబేస్ తెరిచాక కొత్త టెంప్ ఫైల్ పెట్టుకుంటే చాలు. మీ డీబీఏని అడిగి టెంప్‌ని వేరే డిస్క్ గ్రూపులోకి, వేరే లన్‌ల మీదకు మార్పించండి. ఆ లన్‌లను రెప్లికేషన్‌లో చేర్చకండి. డీఆర్‌లో అదే సైజులో ఖాళీ లన్‌లు ఉంచితే సరి.

కొత్తస్టోరేజ్
రీడూలాగ్ గారూ, మీకు దండం. టెంప్ విడదీశాక రాత్రి రైట్ 95కి దిగింది!

నేనే లెక్క వేశా, సరిచూడండి: మిగులు 35, మూడు గంటలకు 378 జీబీ. 2 గంటలకు డీఆర్ 12:54 దగ్గర ఉంటుంది, వెనకబాటు 66 నిమిషాలు. 2 తర్వాత రైట్ 10కి పడిపోతుంది కాబట్టి సెకనుకు 50 చొప్పున ఖాళీ అవుతూ 4 గంటల 6 నిమిషాలకు జర్నల్ ఖాళీ.

హార్కమ్‌అన్న
సరిపోయింది. జర్నల్‌కి 378 కాదు, 1.5 టీబీ ఇవ్వు. బ్యాచ్ మధ్యలో లింక్ రెండు గంటలు పోతే అప్పుడు తెలుస్తుంది ఎందుకో. రెండు వైపులా ఒకే సైజు పెట్టు. జర్నల్‌ని నెమ్మది డిస్కుల మీద పెట్టకు, ప్రతి రైట్ అక్కడ ఇంకోసారి పడుతుంది.

ఆర్1ఆర్2
మాది ఎస్ఆర్‌డీఎఫ్ (ఈఎంసీ వాళ్ల రెప్లికేషన్) కుటుంబం, 1994 నుంచి ఉన్న పాత ఇల్లు. పేర్లు వేరు, బాధలు అవే. మీ పీవోల్ (అసలు వాల్యూమ్) మాకు ఆర్1, మీ ఎస్‌వోల్ (కాపీ వాల్యూమ్) మాకు ఆర్2. జర్నల్ బదులు సైకిళ్లు, ఒక్కో సైకిల్‌లోని రైట్లన్నీ కట్టగట్టి పంపుతాం.

ఒక్క ప్రశ్న: మొదటి కాపీ ఎలా పంపుతున్నారు? 18 టీబీని 60తో భాగించండి. 3 లక్షల సెకన్లు, 83 గంటలు. అదీ రాత్రి బ్యాచ్ లేకుండా. మేమైతే ముందు అడాప్టివ్ కాపీ మోడ్‌లో (వరుస పట్టించుకోకుండా) నింపేసి, మిగిలిన ట్రాక్‌లు (డిస్క్ మీది చిన్న ముక్కలు) బాగా తగ్గాక ఎసింక్‌కి మారుస్తాం. ఒకసారి రెండో అర్రేని ముందు ప్రధాన సైట్‌కే తెప్పించి, పక్కపక్కన పెట్టి కాపీ చేసి, సస్పెండ్ చేసి, లారీలో పంపాం. అక్కడ ఆన్ చేశాక మారిన ట్రాక్‌లే వెళ్లాయి. లారీ బ్యాండ్‌విడ్త్‌ని తక్కువ అంచనా వేయకండి.

కొత్తస్టోరేజ్
మా రెండో అర్రే ఇప్పటికే డీఆర్‌లో బిగించేశారు, లారీ లేదు 🙂 వారం పడితే పట్టనివ్వండి అన్నారు. ఇక కమాండ్లు...

హార్కమ్‌అన్న
వస్తున్నా. ముందు రెండు మాటలు.

ఒకటి. డేటా, రీడూ లాగ్‌లు, కంట్రోల్ ఫైళ్లు ఉన్న లన్‌లన్నీ ఒకే జర్నల్‌లో, ఒకే కన్సిస్టెన్సీ గ్రూపులో (రాతల వరుస కలిసి నిలిచే గుంపు) పెట్టు. డేటాబేస్ ముందు లాగ్‌లో రాస్తుంది, తర్వాతే డేటా ఫైల్‌లో. ఈ వరుస మీదే దాని బతుకు. రెండు జర్నల్‌లుగా విడదీస్తే ఒకటి 12:54 దగ్గర, ఇంకోటి 1:10 దగ్గర ఉంటాయి. లాగ్ కన్నా డేటా ఫైల్ ముందుంటే డేటాబేస్ తెరుచుకోదు.

రెండు. దిశ. హార్కమ్ (అర్రేకి కమాండ్లు చేరవేసే ప్రోగ్రామ్) ఇన్‌స్టన్స్ 0 ప్రధాన సైట్ సర్వర్‌లో, 1 డీఆర్ సర్వర్‌లో పెడతావు. జత కట్టే కమాండ్ పెయిర్‌క్రియేట్‌కి "వీఎల్" ఇస్తే *లోకల్* వైపు వాల్యూమ్ పీవోల్ అవుతుంది. లోకల్ అంటే ఏది? నువ్వు ఏ ఇన్‌స్టన్స్‌తో మాట్లాడుతున్నావో అది. నువ్వు కూర్చున్న కుర్చీ కాదు.

నా కథ చెప్తా. చాలా ఏళ్ల కిందట, రాత్రి రెండున్నర. నాకు రెండు టెర్మినల్ విండోలు తెరిచి ఉన్నాయి, రెండూ నల్లవే. డీఆర్ సర్వర్ విండోలో కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టా. ఖాళీ లన్ పీవోల్ అయింది, డేటా ఉన్న లన్ ఎస్‌వోల్ అయింది. స్క్రీన్ మీద ఏ ఎర్రర్ లేదు. కాపీ శాతం హాయిగా 1, 2, 3 అని పెరుగుతోంది. అయిదు దగ్గర పక్కనున్నవాడు "అన్నా, ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ అయింది" అన్నాడు. అది టెస్ట్ సర్వర్ కాబట్టి ఉద్యోగం మిగిలింది. ఆ రోజు నుంచి నా డీఆర్ విండో బ్యాక్‌గ్రౌండ్ ముదురు ఎరుపు.

కాబట్టి ఇలా చెయ్యి. ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టన్స్ నంబర్ ఎంతుందో ఎకో చేసి చూడు. పెయిర్‌డిస్‌ప్లే కొట్టి రెండు వైపులా ఎస్ఎంపీఎల్ (ఇంకా జతలో లేదు) అని ఉందా, అర్రే సీరియల్ నంబర్, ఎల్‌డెవ్ నంబర్ (అర్రే లోపల వాల్యూమ్ నంబర్) నీ షీట్‌తో కలుస్తున్నాయా, వేలు పెట్టి చదువు. తర్వాత ఒకే ఒక్క చిన్న లన్‌తో పెయిర్‌క్రియేట్, గ్రూపు పేరు, వీఎల్, ఫెన్స్ ఎసింక్, జేపీ 0, జేఎస్ 0 (రెండు వైపుల జర్నల్ నంబర్లు). మళ్లీ పెయిర్‌డిస్‌ప్లే. ప్రధాన అర్రే సీరియల్ పక్కన పీవోల్ అని వస్తేనే మిగతావి.

ఆర్1ఆర్2
మా వైపు ఇదే గోతి పేరు "రీస్టోర్". ఎస్టాబ్లిష్ ఆర్1 నుంచి ఆర్2కి, రీస్టోర్ ఆర్2 నుంచి ఆర్1కి. నిద్రమత్తులో ఈ రెండు మాటలు ఒకేలా వినిపిస్తాయి.

కొత్తస్టోరేజ్
శనివారం రాత్రి రిపోర్ట్. మొదటి పెయిర్‌క్రియేటే ఎర్రర్. డీఆర్‌లో లన్‌లు జీయూఐలో జీబీల్లో చేశాను, ఇక్కడివి పాతవి, బ్లాకుల లెక్క కొద్దిగా తేడా. రెండు వైపులా బ్లాకులు సరిగ్గా సమానంగా ఉండాలని అప్పుడు తెలిసింది. అన్నీ తీసేసి బ్లాకుల్లో మళ్లీ చేశా.

ఇప్పుడు అసలు సమస్య. పెయిర్ "కాపీ" స్టేటస్‌లోకి వెళ్లింది. 3 శాతం దగ్గర ఆగింది. రౌటర్‌లో టన్నెల్ అప్ అంటోంది, కాసేపటికి పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. పింగ్ మాత్రం 9 మిల్లీ, ఒక్క ప్యాకెట్ పోవట్లేదు. నెట్‌వర్క్ టీమ్ "లింక్ క్లీన్, మీ స్టోరేజ్ చూసుకోండి" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

పింగ్‌పాంగ్
నెట్‌వర్క్ వాడినే, మావాళ్ల తరఫున క్షమాపణలు. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్, అది ఏ సందులోంచైనా దూరిపోతుంది. ఫైబర్ ఛానల్ ఫ్రేమ్ 2,148 బైట్ల దాకా ఉంటుంది. అందుకే రౌటర్లలో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 2,300 లాంటిది పెట్టి ఉంటారు. మధ్యలో ఏదో పెట్టె 1,500కే ఒప్పుకుంటే పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా చస్తాయి.

డోంట్ ఫ్రాగ్‌మెంట్ పెట్టి పింగ్ సైజు పెంచుకుంటూ పోండి. ముందు 1,472. అది వెళ్తే దారి 1,500, ఎందుకంటే హెడర్‌లకు 28 బైట్లు కలపాలి. తర్వాత 2,272. ఏది ఎక్కడ ఆగిందో చెప్పండి.

కొత్తస్టోరేజ్
2,272 పోలేదు. 1,472 కూడా పోలేదు!! 1,430 పోలేదు. 1,410 పోయింది.

పింగ్‌పాంగ్
1,500 కన్నా తక్కువంటే మధ్యలో ఎవరో ఎన్‌క్రిప్షన్ పెట్టారు. దాని హెడర్ తినేసిన బైట్లు అవి. అడగండి.

కొత్తస్టోరేజ్
అడిగా. "ఓ అవును, పోయిన నెల ఎన్‌క్రిప్షన్ బాక్స్ పెట్టాం" అన్నారు. ఓ అవును అట. రౌటర్లలో రెండు వైపులా ఎంటీయూ 1,400 చేశా. టన్నెల్ నిలబడింది. 55 ఎంబీ చొప్పున పోతోంది, 7 శాతం దాటింది. పడుకుంటా.

నైట్‌షిఫ్ట్
లింక్ క్లీన్ 😀

డార్క్‌ఫైబర్40
మధ్యలో దూరుతున్నా, సారీ. మాది సొంత డార్క్ ఫైబర్, 40 కిలోమీటర్లు, 8 జీబీపీఎస్ ఎఫ్‌సీ (ఫైబర్ ఛానల్). సింక్ పెట్టాం. లేటెన్సీ బాగుంది, కానీ త్రూపుట్ సగం కూడా రావట్లేదు.

ఫైబర్‌పిచ్చోడు
బఫర్ క్రెడిట్లు (జవాబు రాకముందే పంపగల ఫ్రేముల లెక్క) చూడండి. 8 జీబీపీఎస్‌లో నిండు ఫ్రేములైతే కిలోమీటరుకు సుమారు 4 కావాలి, అంటే మీకు 160. ఫ్రేములు చిన్నవైతే ఇంకా ఎక్కువ. పోర్ట్ మామూలు సెట్టింగ్‌లో ఉంటే అన్ని ఉండవు. క్రెడిట్ సున్నా అయిన కౌంటర్ పరిగెడుతుంటే రోగం అదే.

డార్క్‌ఫైబర్40
పరిగెడుతోంది. థాంక్యూ!

కొత్తస్టోరేజ్
ఎనిమిది రోజులకు "పెయిర్" స్టేటస్ వచ్చింది, అన్ని లన్‌లూ. నిన్న మధ్యాహ్నం లింక్ జర్నల్ తట్టుకోలేనంత సేపు పోయి పీఎస్‌యూఈ (ఎర్రర్‌తో సస్పెండ్) అయింది. ఇప్పుడు లింక్ వచ్చింది. పెయిర్‌రీసింక్ (జతని మళ్లీ కలిపే కమాండ్) కొట్టేయనా?

హార్కమ్‌అన్న
ఆగు! కొట్టావా?

కొత్తస్టోరేజ్
లేదన్నా, అడుగుతున్నా.

హార్కమ్‌అన్న
బతికించావు. ఇప్పుడు డీఆర్‌లో ఉన్నది నిన్న మధ్యాహ్నం నాటిది, పాతదే, కానీ *తెరుచుకునే* కాపీ. రీసింక్ మొదలైతే అర్రే బిట్‌మ్యాప్ (మారిన చోట్ల జాబితా) చూసి మారిన ట్రాక్‌లను తనకు వీలైన వరుసలో పంపుతుంది, రాసిన వరుసలో కాదు. అది పూర్తయ్యేదాకా ఎస్‌వోల్ సగం నిన్నటిది, సగం ఇవాళ్టిది. సరిగ్గా ఆ గంటల్లో ప్రధాన సైట్ పోతే నీ దగ్గర ఇక్కడా ఏమీ లేదు, అక్కడా ఏమీ లేదు. పైగా లింక్ ఇప్పుడే ఒకసారి పడింది, మళ్లీ పడే ఛాన్స్ ఉన్న రోజు ఇదే.

ముందు డీఆర్‌లో ఎస్‌వోల్‌కి థిన్ ఇమేజ్ స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి నకలు) తీసుకో. గ్రూపు మొత్తం ఒకేసారి. తర్వాత రీసింక్. పెయిర్ అయ్యాక స్నాప్‌షాట్ తీసేయి. దీన్ని స్క్రిప్ట్‌లోనే పెట్టు, మనిషి జ్ఞాపకానికి వదలకు.

రీడూలాగ్
ఆ స్నాప్‌షాట్లు రోజూ ఒకటి ఉంచండి. ఎవరైనా టేబుల్ డ్రాప్ చేస్తే రెప్లికేషన్ ఆ డ్రాప్‌ని కూడా నమ్మకంగా మోసుకెళ్తుంది. దీన్ని చూపించి బ్యాకప్ మానేద్దామనే మనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు.

కొత్తస్టోరేజ్
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చా. నిన్న మొదటి డ్రిల్. హార్కమ్‌అన్న చెప్పినట్టు పెయిర్ కదపకుండా ఎస్‌వోల్ స్నాప్‌షాట్‌ని డీఆర్ సర్వర్‌కి మ్యాప్ చేశాం. మేనేజర్ గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఏఎస్ఎంలో (ఒరాకిల్ డిస్క్‌లను చూసుకునే భాగం) డేటా డిస్క్ గ్రూప్ మౌంట్ అవ్వలేదు. ఓఆర్ఏ-15042, ఒక డిస్క్ లేదంటోంది. పెయిర్‌డిస్‌ప్లేలో అన్నీ పెయిర్, అన్నీ పచ్చగా ఉన్నాయి. గంటసేపు జోనింగ్, మల్టీపాత్ అంతా వెతికాం.

రీడూలాగ్
మధ్యలో ఎవరైనా డిస్క్ యాడ్ చేశారా?

కొత్తస్టోరేజ్
అదేనండీ. రెండు వారాల కిందట రాత్రి స్పేస్ అయిపోతోందని డీబీఏ అడిగితే మా షిఫ్ట్‌లో ఒకరు 1 టీబీ లన్ ఇచ్చేశారు. ప్రొడక్షన్‌లో డిస్క్ గ్రూపులో చేరింది. హార్కమ్ ఫైల్‌లో చేరలేదు. ఇచ్చింది నేనే అని ఇప్పుడే పాత మెయిల్ చూస్తే తెలిసింది.

హార్కమ్‌అన్న
రెండు వారాలు డీఆర్ లేకుండానే నడిపారన్నమాట. అందరికీ ఒకసారి జరుగుతుంది. రోజూ ఉదయం హోస్ట్ గ్రూపులోని ఎల్‌డెవ్‌ల జాబితా, పెయిర్‌డిస్‌ప్లేలోని జాబితా రెండూ తీసి, తేడా ఉంటే మెయిల్ పంపే స్క్రిప్ట్ రాయి. టెంప్ లన్‌లు తప్ప తేడా రాకూడదు.

కొత్తస్టోరేజ్
స్క్రిప్ట్ రాశా. మొదటి రోజే ఇంకో లన్ పట్టుకుంది, దాన్నీ చేర్చా. బ్లాకులు సరిచూశా, ఇన్‌స్టన్స్ ఎకో చేశా, డీఆర్ విండో ఎరుపు చేశా. కొత్త రెండూ కాపీలో ఉన్నాయి, ఇప్పుడు 41 శాతం. పెయిర్ అయ్యాక వచ్చే గురువారం మళ్లీ డ్రిల్. మేనేజర్ గారు మళ్లీ కుర్చీ వేసుకుంటారట.